వెనక గదిలో ఎనిమిదో భాగం

ఆ అద్దె లైబ్రరీలో వెనక గది మంచిది కాదు. ఆ మాట ఎవరినడిగినా చెబుతారు. ఎందుకు మంచిది కాదంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. చీకటి పడ్డాక లోపల ఎవరో దగ్గుతారని ఒకరు. దగ్గు కాదు, నవ్వని ఇంకొకరు. కుర్చీ జరిపిన చప్పుడు ఈ చెవులతో విన్నానని పేపర్లు వేసేవాడు ఒట్టేస్తాడు. ఆడ దెయ్యమని కొందరు, కాదు మగదని కొందరు... ఆడో మగో గానీ, చదువుకున్న దెయ్యమే అన్నది అందరూ ఒప్పుకున్న సంగతి. లేకపోతే లైబ్రరీలో దానికేం పని?

ఆ గదిలో బల్బు మాడిపోయి చాలాకాలమైంది. మార్చడానికి ఏ ఎలక్ట్రీషియనూ గడప దాటలేదు. గదికి తాళం కూడా లేదు. "తాళం దేనికమ్మా, దెయ్యం ఉందిగా!" అంటుంది లైబ్రరీ నడిపే పిన్ని. వచ్చేవాళ్ళందరికీ ఆవిడ పిన్నే. తన గొడుగు, టిఫిను డబ్బా, కొత్తగా వచ్చిన పుస్తకాలు అన్నీ ఆ గదిలోనే పెడుతుంది. ఇన్నేళ్ళలో గుండుసూది కూడా పోలేదు.

అలాంటి గదిలోకి ఒక రాత్రి టైలరమ్మ ఒంటరిగా వెళ్ళింది.

ఎందుకెళ్ళిందయ్యా అంటే — కోరల దొర కోసం.

కోరల దొర అంటే ఊళ్ళో మనిషి కాదు, నవల్లో రక్తపిశాచి. పగలంతా పెట్టెలో పడుకుంటాడు, రాత్రిళ్ళు లేచి జనం మెడలు కొరుకుతాడు. ఆరు భాగాలపాటు ఇదే పని. ఆరు భాగాలూ జనం కళ్ళకద్దుకుని చదివారు. వంట మాడినా సరే, దొర ఎవరి మెడ పట్టుకున్నాడో తేలితే గానీ పుస్తకం దించేవాళ్ళు కాదు.

ఏడో భాగంలో దొరకి దేవుడి మీద భక్తి పుట్టింది.

పుట్టడమంటే మామూలుగా కాదు. రక్తం ముట్టనని ఒట్టేసుకుని, ఒక ప్రార్థనా మందిరం వాకిలి ఊడవడానికి కుదురుకున్నాడు. లోపలికి వెళితే ఒళ్ళు కాలుతుంది కాబట్టి, బయట మెట్ల మీదే మోకాళ్ళేసి కూర్చునేవాడు. చివర్లో ముసలి పూజారి మెట్ల మీద జారిపడి తల పగిలి రక్తం కారుతుంటే, దొర తన చొక్కా చింపి కట్టు కట్టాడు. ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు. అంతే... పుస్తకం అయిపోయింది.

ఇక చూడండి! లైబ్రరీలో ఉన్నవి రెండు బెంచీలు. కిటికీ పక్క బెంచీ భక్తి పార్టీ, తలుపు పక్క బెంచీ రక్తం పార్టీ అయిపోయింది. "ఇన్నాళ్ళకి పుస్తకానికి ప్రాణమొచ్చింది" అంటాడు మందుల షాపాయన, కళ్ళు తుడుచుకుంటూ. "రక్తం తాగనివాడు రక్తపిశాచి ఎలా అవుతాడండీ? మన వీధిలో సగం మంది తాగరు, వాళ్ళ మీద నవల రాశారా?" అంటాడు డ్రైవింగు నేర్పే మాస్టారు. దెయ్యాన్ని దేవుడి దగ్గరికి తేవడం పాపమని కొందరు, పుణ్యమని కొందరు. పాపమన్నవాళ్ళూ చివరిదాకా చదివాకే అన్నారు.

ఊరంతా కొట్టుకుంటే నష్టం లేదు. టైలరమ్మ ఇంట్లోనే చిచ్చు పడింది.

టైలరమ్మకి ఉన్నది ఒక్క అక్క. ఆస్పత్రిలో నర్సు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. రాత్రి భోజనాలయ్యాక అక్క పైకి చదవడం, చెల్లెలు జాకెట్లకి హుక్కులు కుట్టుకుంటూ వినడం — దొర ఆరు భాగాలూ అలా అయినవే. ఏడోది ముగిసేసరికి అక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

"రక్తం కళ్ళ ముందుంటే కూడా చెయ్యి వణకలేదే వాడికి... ఎంత మారాడో చూశావా!"

"మారాడా, పాడా! ఆరు భాగాలు ఎదురుచూస్తే చివరికి చీపురు పట్టుకున్నాడు. పళ్ళూడిన పులి కథ ఎవడిక్కావాలి?" అంది చెల్లెలు.

అక్కడితో ఆగితే బాగుండేది. నోరు ఊరుకుంటుందా? ఆ వేడిలో ఇంకో మాట కూడా జారింది.

"నీకందుకే నచ్చిందిలే అక్కా. మారానని ఏ వెధవ గుమ్మంలో నిలబడినా నమ్ముతావు. మా బావ కూడా మారానని వచ్చాడుగా... మర్నాడు నీ గొలుసు పట్టుకుని పోలేదూ?"

అక్క పుస్తకం మూసింది. లేచి తన దిండు, దుప్పటి పక్క గదిలోకి మార్చుకుంది. ఆ వారంలోనే దూరంగా ఉన్న ఇంకో ఆస్పత్రికి బదిలీ అడిగిందని పక్కింటావిడ చెబితే తెలిసింది చెల్లెలికి. అడగగానే ఇచ్చారు. సామాను కట్టడం మొదలైంది.

చెల్లెలికి గుండె నీరైపోయింది. అమ్మ పోయాక తనని పెంచింది అక్కే. వెళ్ళొద్దని కాళ్ళు పట్టుకోవాలని ఉంది... కానీ అక్క వంటింట్లోకొస్తే తను పెరట్లోకి పోతోంది. ముందు ఎవరు నోరు విప్పాలి? ఇద్దరిదీ ఒకే పంతం, ఒక తల్లి పిల్లలే కదా.

ఇంతలో ఎనిమిదో భాగం వచ్చింది.

లైబ్రరీలో అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే కార్డు. కార్డు మీద ఒక పుస్తకం ఇంట్లో ఉంటే రెండోది ఇవ్వరు. ఏడోది అక్క దగ్గరే ఉంది. తిరిగివ్వదు. ఇవ్వమని అడగాలంటే మాట్లాడాలి.

"రూలు రూలే అమ్మాయ్" అంది పిన్ని. "పైగా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. రెండు బెంచీలవాళ్ళూ చింపేసుకుంటారని వెనక గదిలో పెట్టాను. అక్కడికైతే ఎవరూ పోరు."

ఆ సాయంత్రం బాగా చీకటి పడేదాకా టైలరమ్మ బెంచీ మీదే కూర్చుంది. అందరూ వెళ్ళిపోయారు. "పాలు తెచ్చుకుంటా, కాస్త చూస్తూండు" అని పిన్ని కూడా బయటికి వెళ్ళింది.

టైలరమ్మ లేచింది. మొదటి నాలుగు పేజీలు చాలు... దొర మళ్ళీ కొరికాడో లేదో తెలిస్తే చాలు. కొరికితే, ఆ వంకనైనా అక్కతో మాట కలపొచ్చు.

వెనక గది తలుపు ఓరగా వేసి ఉంది.

చెయ్యి వెయ్యబోయింది — ఆగిపోయింది.

లోపల... ఎవరో... చదువుతున్నారు.

సన్నగా, గొంతు తగ్గించి. ఒక్కొక్క వాక్యం పట్టి పట్టి. టైలరమ్మ కాళ్ళు అక్కడే కొయ్యబారిపోయాయి. పారిపోదామంటే కదలవు. దేవుడా, దేవుడా అనుకుంది మనసులో, రక్తం పార్టీ మనిషై ఉండి.

చెవి పెట్టి విన్నాక గుండె కుదుటపడింది. ఆ గొంతు అక్కది.

ఓసి నీ! ఏడోది ఇంట్లో దాచి, ఎనిమిదోది ఇక్కడ దొంగతనంగా చదువుతోందా? సందులోంచి చూసింది. అక్క వీపు కనిపించింది. మందు సీసాల మీద అక్షరాలు చూసుకునే బుల్లి టార్చి వెలుగులో పుస్తకం. ఆ వెలుగు పేజీ దాటి రావడం లేదు.

అక్క ఒక పేరా ముగించి ఆగింది. అది అక్క అలవాటు. ఎదుటివాళ్ళు ఊ కొడితే గానీ ముందుకు పోదు. చెల్లెలు నిద్రలో తూగితే మోచేత్తో పొడిచి మరీ ఊ అనిపించేది.

అక్క ఆగింది...

"ఊ" అని వినిపించింది లోపల్నుంచి.

అక్క మళ్ళీ చదవసాగింది.

టైలరమ్మకి భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది! నేను కాక ఇంకెవరికి చదువుతోంది ఈవిడ? ఎవరు ఆ ఊ కొట్టేది? మందుల షాపాయనా? కిటికీ బెంచీ మీద కూర్చుని ఇద్దరూ తెగ తలలూపుకున్నారు మొన్న. ఇన్నేళ్ళు వేళ్ళకి సూదులు గుచ్చుకుంటున్నా ఊ కొట్టింది నేను... ఇప్పుడు దారిన పోయే ప్రతివాడూ ఊ కొట్టడమేనా?

అక్క ఇంకో పేరా ముగించింది. "ఊ" అంది ఆ గొంతు — అరల పక్కన, చీకట్లోంచి. అక్కడొక స్టూలు ఉంటుంది.

పట్టుకుని బయటికీడుద్దామని టైలరమ్మ చప్పుడు కాకుండా లోపలికి జొరబడింది. అరలు తడుముకుంటూ స్టూలు దాకా వెళ్ళింది. గబుక్కున చెయ్యి చాచింది.

స్టూలు మీద ఎవరూ లేరు.

ఆ వెనక గోడ. గోడకి పిన్ని గొడుగు. అంతే.

టైలరమ్మ కదలకుండా నిలబడిపోయింది. అప్పుడు అక్క వెనక్కి తిరక్కుండానే, మెల్లగా...

"ఎంతసేపే చీకట్లో కూర్చుని ఊ కొడతావు? రా, దగ్గరికి రా."

చెల్లెలు చాచిన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏడోది తిరిగిచ్చేద్దామని పెరటి గుమ్మంలోంచి వచ్చా. పిన్ని పనిలో ఉంది. వెళ్ళిపోయేలోపు దీన్ని రెండు పేజీలైనా చూద్దామని దొంగలా దూరాను. పైకి చదవకపోతే నాకు బుర్రకెక్కదు కదా... చదివి ఆగానో లేదో, ఊ అన్నావు." అక్క పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "ఎంత హాయనిపించిందో తెలుసా? నా చెల్లెలు వచ్చింది అనుకున్నా. నోరు రాక చీకట్లో కూర్చుందిలే, మాట్లాడిస్తే లేచి పోతుందేమోనని ఊరుకున్నా. బదిలీ వద్దని రేపే రాసిచ్చేస్తానే. పంతమెందుకు మనకి?"

టైలరమ్మ స్టూలు వైపు చూసింది. తలుపు వైపు చూసింది. ఇప్పుడు నిజం చెప్పాలంటే ఏమని చెప్పాలి? నేను నీకోసం రాలేదక్కా, పుస్తకం కోసం వచ్చాను, నీకు ఊ కొట్టింది నేను కాదు అనా? ఆ మాటంటే అక్క ముందు మూర్ఛపోతుంది. లేచాక సామాను కడుతుంది.

"అవునక్కా... నేనే" అంది.

పోయి పక్కన కూర్చుంది. అక్క చెయ్యి పట్టుకుంది, గట్టిగా. భయంతో పట్టుకుందో ప్రేమతో పట్టుకుందో తనకే తెలియలేదు.

"గొలుసు మాట అనకుండా ఉండాల్సింది. నా నోటికి కుట్లెయ్యాలి."

"అన్నావులే, అయిపోయింది. మారానని వచ్చినవాణ్ణి నమ్మడం నా తప్పు కాదే. మారకపోవడం వాడి తప్పు." అక్క ముక్కు చీదుకుని పేజీ తిప్పింది. "విను."

చదివింది. ఎనిమిదో భాగంలో దొర మళ్ళీ మొదలెట్టాడు. రెండో పేజీలోనే పన్నులు వసూలు చేసేవాణ్ణి కొరికేశాడు. చెల్లెలికి ఆనందించే ఓపిక లేదు. అక్క ఆగినప్పుడల్లా గబగబా ఊ అంటోంది, ఇంకెవరూ అనకుండా.

అధ్యాయం అయిపోయింది. అక్క టార్చి ఆర్పి, చీకట్లోనే గుసగుసగా అడిగింది.

"నిజం చెప్పు. ఇది బాగుందా, ఏడోది బాగుందా?"

చెల్లెలు నోరు విప్పబోయింది. మాట బయటికొచ్చేలోపు, చెవి పక్కనే, అదే గుసగుస...

"ఏడోదే బాగుంది."

గుసగుసలో ఎవరి గొంతైనా ఒక్కటే కదా. అక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. చెల్లెల్ని రెండు చేతులా చుట్టేసుకుంది. "ఒప్పుకున్నావా! నాకు తెలుసే, పైకి అలా అంటావు గానీ నీ మనసు వెన్న!"

టైలరమ్మ అక్క భుజం మీదుగా చీకట్లోకి చూస్తూ, "ఒప్పుకున్నానక్కా" అంది.

అక్క బదిలీ ఆగిపోయింది. కట్టిన సామాను విప్పేశారు. టైలరమ్మ పార్టీ మార్చిందని తెలిసి డ్రైవింగు మాస్టారు చాలా బాధపడ్డాడు. "మీరే ఇలా చేస్తే ఎలాగండీ! ఏమైంది మీకు?" అని దారిలో ఆపి మరీ అడిగాడు.

"ఏం చెయ్యనండీ" అంది టైలరమ్మ. "మేం ముగ్గురం చదివాం. ఇద్దరు ఏడోదే బాగుందన్నారు. నేనొక్కదాన్ని ఎంతని వాదించను?"

మాస్టారు సరేనని నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"మీ ఇంట్లో ఉండేది ఇద్దరేగా?"