ఫర్నేస్ చల్లారేదాకా

తెరుబలి ఫ్యాక్టరీ లేబ్‌లో అడుగుపెట్టిన రోజే జయరాజు చీవాట్లు తిన్నాడు. వాల్తేరులో రీసెర్చి చేస్తూ సెలవులకు ఇంటికొచ్చినవాడు, గాజు పలకల మీద వేసిన సిరామిక్ పూత కాల్చుకుంటానని పర్మిషన్ తెచ్చుకున్నవాడు, వచ్చీరాగానే కెమిస్టు ఇందుమతి కుర్చీలో కూర్చుంటే ఊరుకుంటుందా మరి?

"ఇంతోటి పూత కాల్చకపోతే ఏటవుద్ది?" అంది.

జయరాజు పచ్చి పూతను వేలితో తుడిచేశాడు. కాల్చిన పలక ఆమె చేతికిచ్చాడు. గోటితో గీరినా గీత పడలేదు. కిటికీ వైపు తిప్పితే గాజు మీద నీలం, ఊదా మెరిశాయి. ఆ రంగులు ఆమె చెంపల మీద కూడా ఉన్నట్టనిపించింది అతనికి. పిచ్చి కాకపోతే ఎందుకుంటాయి!

"వేడి నెమ్మదిగా ఎక్కాలి, నెమ్మదిగా దిగాలి. అప్పుడే గట్టిగా అతుక్కుంటుంది. తొందరపడితే బీటలేనండి."

రోజూ అలా ఫర్నేస్ పక్కన కూర్చుని కబుర్లే కబుర్లు. చివరికి ఒక్క పలక మిగిలింది. అది బాగా వస్తేనే థీసిస్ పూర్తవుతుంది.

అది ఫర్నేస్‌లో ఉన్న సాయంత్రమే రాయగడ నుంచి ఇందుమతిని చూసుకోడానికి పెళ్లివారు వస్తున్నారని తెలిసి జయరాజు గుండె జారిపోయింది. లోపల పలక ఉంటే ఫర్నేస్ చల్లారేదాకా కెమిస్టు లేబ్ వదలకూడదని రూలు. ఆమె మాత్రం తీరిగ్గా వాన చూస్తోంది.

తన మూలంగా ఆమెకు మాట రాకూడదనుకున్నాడు. మనసు రాయి చేసుకుని ఫర్నేస్ తలుపు తీసి, పటకారుతో పలక బయట పెట్టాడు. చిటపటమంది. పూతంతా బీటలు.

"ఎవులు తియ్యమన్నారు?" ఇందుమతి చటుక్కున లేచింది.

"మీకు ఆలస్యమైపోతుందని..."

"అవ్వాలనే కూకున్నాను." ఆమె కళ్లలో నీళ్లు. "ఇది సల్లారేసరికి ఆళ్లకి ఆఖరి బస్సు టైమైపోద్ది, ఎల్లిపోతారు. ఇంత సదివేరు, ఈపాటి తెలవదేటి?"

థీసిస్ సంగతి జయరాజుకు గుర్తే రాలేదు.

అంతలో ఇందుమతి తండ్రి అమృతరావు మాస్టారు గొడుగు ముడుస్తూ గుమ్మంలోకి వచ్చారు. "అమ్మీ, ఆళ్లొచ్చీసేరు. ఇంకా సల్లార్లేదేటి?"

ఇందుమతి గబుక్కున ఖాళీ ఫర్నేస్ తలుపు మూసి అడ్డంగా నిలబడింది. చిన్న అబద్ధంతో ఈ పూటకు గట్టెక్కేదే. రేపటి మాటేమిటి? జయరాజు ముందుకొచ్చాడు.

"పని అయిపోయింది మాస్టారూ, నేనే పాడుచేశాను. మీ అమ్మాయంటే నాకు ప్రాణం. ఆమెను నాకివ్వండి."

మాస్టారు బీటలుపడ్డ పలకనూ కూతురి ముఖాన్నీ మార్చి మార్చి చూశారు. "నీకిష్టమేనా అమ్మీ?"

ఇందుమతి తలూపింది.

"ఆ ముక్క ముందే సెప్పలేకపోయేవా? సరే, ఆళ్లకి టీ ఇచ్చి నానే సెప్పుకుంటాను. మీ నాన్న తోమాసుతోనూ మాటాడతాను, అబ్బాయ్. కానీ చర్చిలో సంఘం ముందు మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన సదవాలి. అందాకా ఆగగలవా?"

"ఆగుతానండి."

"ఈయన ఆగలేరు నాన్నా," అంది ఇందుమతి కళ్లు తుడుచుకుంటూ. "నాను కాపలా ఉంటాను."