నడుమ ఖాళీ కుర్చీ

రబ్బరు కోసం శ్రీనాథ్ పౌచ్ తెరిచిన మాధురికి, నాలుగు గోలీలు ఖాళీ అయిన జ్వరం మందు స్ట్రిప్పు దొరికింది.

ఇంకెవరి దగ్గర దొరికినా పట్టించుకునేది కాదు. శ్రీనాథ్‌కు ఏడాది కింద వాళ్లమ్మ దుర్గమ్మ కిడ్నీ ఇచ్చింది. దాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా, రోగాలతో కొట్లాడే శక్తినే మందులతో తగ్గించి పెట్టారు. కాస్త జ్వరమొచ్చినా ఆస్పత్రికి పరుగెత్తాలి. గోలీ వేస్తే జ్వరం దాక్కుంటుంది, ఇన్‌ఫెక్షన్ దాక్కోదు. ఈ సంగతి ఆమెకు చెప్పింది అతనే.

మొదటిరోజు చిక్కడపల్లి లైబ్రరీలో మాస్కు వెనక నుంచి "జర దూరం జరగండి" అంటే, పొగరనుకుని వారం రోజులు మొహం చూడలేదు మాధురి. కారణం తెలిశాక నడుమ ఒక కుర్చీ ఖాళీగా వదిలి, రెండు నెలలుగా పక్కనే చదువుతోంది. సాయంత్రం అతను ఇంటికి, ఆమె అశోక్‌నగర్ హాస్టల్‌కు.

"ఇదేంది?"

"తలనొప్పికి."

"పొద్దుగాల టెంపరేచర్ ఎంతుండె?"

"తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు."

"నిన్న?"

"అంతే."

"మొన్న?"

"అంతే."

"ఒంటితోని కూడా బట్టీ పట్టిచ్చినవా?"

అతను నవ్వబోయాడు. మాస్కు పైన కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాధురి చేతులకు సానిటైజర్ రాసుకుని, మొదటిసారి ఖాళీ కుర్చీ దాటి అతని నుదురు తాకింది. కాలిపోతోంది.

"ఆ కిడ్నీ నీదనుకుంటున్నవా? మీ అమ్మది. లే."

వానలో ఆటో నారాయణగూడ దాటేలోగా దుర్గమ్మకు ఫోన్ చేసింది. ఆస్పత్రిలో వాళ్లు మంచం చూపించేసరికి, తడిసిన చీరతోనే దుర్గమ్మ గుమ్మంలో ఉంది.

డాక్టర్ విజయశ్రీ చీటీ రాస్తూ అడిగింది. "జ్వరం ఎప్పటినుంచి? అబద్ధం చెప్తే నా మందు తప్పుతది."

మాధురి గోడవైపు జరిగి నిలబడింది. ఆదివారం తనకు జలుబు, అయినా అతని పక్కనే చదివింది. ఆ లెక్క ఆమెకు అప్పుడే తగిలింది.

శ్రీనాథ్ ఆమెనే చూస్తూ చెప్పాడు.

"సోమవారం నుంచి, మేడం. నూటొకటి. గోలీలు నేనే కొన్న, నేనే మింగిన. ఆదివారం ఈమె తుమ్ముకుంట లేచి వేరే దిక్కు పోతుంటే నేనే కూర్చోమన్న. జ్వరమని చెప్తే అమ్మ లైబ్రరీ బంద్ చేస్తది, ఈమె తనవల్లనే అనుకుంటది, మల్ల రాదు. ఏడాది నుంచి అందరిని దూరం జరగమంటున్న మేడం. ఈమెను అనబుద్ధి కాలే."