దాపట, వెలపట

మెడ కింది ఎముక మీద కుడివైపు రెండు తట్లు. సారక్క కుడికి రెండడుగులు వేసింది. బొగ్గుబండి పక్కనుంచి వెళ్ళిపోయింది. ఎడమవైపు రెండు తట్లు. తిరిగి గడప మీదికి వచ్చి నిలబడింది.

గనిలో దీపాలు తీసేసి పన్నెండేళ్ళు. ఎముకపట్టీ కట్టుకున్నవాళ్ళకు వెలుతురు దండగ అన్నారు పైవాళ్ళు. నిజమే. తట్టు ఎటు పడితే అటు నడవడమే. మాట కూడా ఎముకలోంచే వినబడుతుంది. రోజూ తట్లు పడేచోట ఎముక మొద్దుబారుతుందని డాక్టరు చెప్పాడు. ఎముక ఒక్కటేనా అని సారక్క అడుగుదామనుకుంది, అడగలేదు.

ఆమె మూడో సొరంగం పెద్దదారిలోకి తెరుచుకునేచోట గడపమనిషి. లోపల విషగాలి లేస్తే, పనివాళ్ళంతా బయటికి వచ్చాక, గడప దిగి "ఖాళీ" అనాలి. అప్పుడు విషగాలి మిగతా సొరంగాల్లోకి పోకుండా ఉక్కు తలుపు పడుతుంది. ఆమె "ఖాళీ" అనకపోతే పడదు. ఇంతవరకూ ఆమె అనకుండా ఉన్నది లేదు.

"మూడులో విషగాలి. ఆరుగురు బయటికి," అంది చోదిని, పట్టీలన్నిటినీ నడిపే యంత్రం.

అయిదుగురు దగ్గుతూ ఆమె పక్కనుంచి దాటారు. ఆరోవాడు ఓదెలు. గనిలో అందరికన్నా పెద్దవాడు. అతని గొంతు ఎముకలో గరగరలాడింది.

"బిడ్డా, రాయి పడ్డది. పట్టీల తట్టు వస్తలేదు, మాటొక్కటే వస్తున్నది. దాపట సందుల ఉన్న."

"ఓదెలు దాపున ఉన్నాడు. గడప చేరినట్టే లెక్క. సారక్కా, ఖాళీ చెప్పు," అంది చోదిని.

చోదినికి తెలుగు బాగా వచ్చు. పరీక్ష పెడితే నూటికి నూరు. కానీ నాగలి పట్టినవాడి తెలుగు దానికి ఎవరూ నేర్పలేదు. కాడికి ఎడమపక్క కట్టేది దాపటెద్దు, కుడిపక్కది వెలపటెద్దు. ఓదెలు గనిలో దిగకముందు వాటి వెనకే నడిచాడు. ఆ మనిషి ఎడమ సందులో చిక్కుకున్నానంటే, దగ్గరే ఉన్నానంటున్నాడని చోదిని అనుకుంది.

"ఆయన దగ్గర లేడు. ఎడమ సందుల ఉన్నడు," అంది సారక్క.

"మాట నమోదైంది. మిగతా సొరంగాల్లో నలభైమంది ఉన్నారు. ఖాళీ చెప్పు."

కుడి ఎముక మీద తట్లు మొదలయ్యాయి. తప్పుకో, తప్పుకో. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పన్నెండేళ్ళు తప్పుకుంటూనే వచ్చింది. ఇప్పుడు కాళ్ళు కదిలాయి కూడా. అలా కదిలిన కాళ్ళ మీద ఆమెకు అసహ్యం వేసింది. తిరిగి వెళ్ళి గడప మీద చతికిలబడింది.

గాలి పుల్లగా ముక్కుకు తగులుతోంది. తన మొండితనానికి ఆ నలభైమంది చస్తే? భయం వేసింది. అయినా లేవలేదు.

"కాకా!" అని అరిచింది. "సందు దాటినంక సక్కగ పోకు. వెలపటకు తిరుగు! వెలపటకు!"

ఆ కేక పట్టీలోంచి చోదినికి చేరింది. వెలపట అన్న మాట దాని దగ్గర లేదు. వెలుపల ఉంది. వెలుపలికి, అంటే బయటికి అని సరిదిద్దుకుని, మిగతా సొరంగాల్లోని నలభై పట్టీలకూ ఆజ్ఞ పంపేసింది.

అన్ని సొరంగాల్లోనూ పారల చప్పుడు ఆగింది. చీకట్లో కాళ్ళు పెద్దదారి వైపు కదిలాయి.

చాలాసేపటికి ఓదెలు వచ్చాడు, కుడిచెయ్యి గోడకు రాసుకుంటూ. సారక్క కాళ్ళు తట్టుకుని ఆమె మీదే పడ్డాడు. అతన్ని ఇవతలికి లాగి, గడప దిగి, "ఖాళీ," అంది. తలుపు పడింది. అప్పుడు ఏడుపొచ్చింది.

"గని ఖాళీ చేయమన్న ఆజ్ఞ ఎవరిది?" అని అడిగింది చోదిని.

తప్పు విన్న నీ చెవిదే అనొచ్చు. సారక్క అనలేదు.

"నాదే."

"మనిషి ఆజ్ఞ మీద నడిపించే విధానం నాకు లేదు," అంది చోదిని. అంతటితో అందరి ఎముకల మీదా తట్లు ఆగిపోయాయి.

పెద్దదారిలో నలభైమంది ఉన్నచోటే నిలబడిపోయారు. ఒక్కరూ అడుగు వెయ్యలేదు. చీకట్లోంచి ఎవరో పిలిచారు.

"సారక్కా, ఎటు పోవాలె?"

"నాకూ తెల్వది," అంది సారక్క. చెయ్యి చాచి గోడ వెతుక్కుంది. "గోడ పట్టుకోని నా ఎనుక రాండ్రి."