తంగేడుకనుమలో నిద్రపోయిన సేన

తూర్పు కొండల నడుమ, మబ్బులు సేద తీరేంత ఎత్తున, శిఖరగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. అందులోకి ఒక్కటే దారి. దాని పేరు తంగేడుకనుమ. తాతల కాలంలో ఉత్తరాన ఉన్న సింధుర రాజ్యపు సేన ఆ దారినే దండెత్తి వచ్చింది. శిఖరగిరివాళ్ళు పిడికెడు మందే అయినా, ఆ సేనను కనుమలోనే నిలవరించి గెలిచారు.

అప్పటినుంచి ఏటా ఆ రోజున కోట ముందరి మైదానంలో విజయోత్సవం జరిగేది. భేరీలు మోగేవి. జెండా ఎత్తేవారు. ఆనాటి యుద్ధంలో నిలిచిన ముసలివాళ్ళకు రాజు తన చేతులతో పూలదండలు వేసేవాడు. ఆ తరువాత ప్రజలే రెండు సేనలుగా వేషాలు కట్టి, కర్రకత్తులు పట్టి, గెలుపు పాట పాడుతూ, ఆ యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపించేవారు. శత్రువుల వేషం వేసినవాళ్ళు కిందపడి, డోలు మోగగానే నవ్వుతూ లేచి, అందరితో కలిసి పులిహోర తినేవారు.

ఆ ఆటలో కాచమ అనే అమ్మాయి తన సొంత నాయనమ్మ వేషం కట్టేది. నాయనమ్మ గౌరవ్వ చిన్నతనంలో ఆ యుద్ధంలో ఉన్న మనిషి. కాచమ అన్న మాచన గుబురు మీసాలు అతికించుకుని శత్రు సేనాపతి ఉదగ్రుడయ్యేవాడు. ప్రాణభయంతో వణికిపోయే పిరికివాడిగా అతన్ని ఆడి జనాన్ని పడీ పడీ నవ్వించేవాడు.

ఒక ఏడు, కొత్తగా పట్టాభిషిక్తుడైన జయకేతు మహారాజుకు ఒక ఆలోచన వచ్చింది. "మైదానంలో ఎందుకు? నిజంగా యుద్ధం జరిగిన కనుమలోనే ఆడిద్దాం. శత్రువుల గడ్డిబొమ్మలు చేసి ఎడ్లతో తొక్కిద్దాం" అన్నాడు. అలాగే చేశారు. బొమ్మలను తొక్కించారు, శత్రువేషాలు పడిపోయాయి, డోలు మోగింది. కాని పడినవాళ్ళలో ఒక్కరూ లేవలేదు.

ముందు అందరూ వేళాకోళమనుకున్నారు. కాచమ వెళ్ళి అన్నను కుదిపింది. ఊపిరి ఆడుతోంది, కళ్ళు మాత్రం తెరుచుకోవడం లేదు. రాజవైద్యుడు నాడి చూసి తల దించుకున్నాడు.

"ప్రభూ, ఇది రోగం కాదు. ఎవరో వీళ్ళను పట్టి ఉంచారు. నాడి రోజురోజుకీ సన్నబడుతుంది. అమావాస్య దాటితే నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

పట్టి ఉంచింది ఎవరో కనుక్కుని రమ్మని రాజు కనుమ అవతలికి భటులను పంపితే, వాళ్ళు వెదురడవి దగ్గరే రాక్షసుణ్ణి చూసి పరుగెత్తుకొచ్చారు. అప్పుడు తానే వెళ్తానని కాచమ నడుం బిగించింది. గౌరవ్వ మనవరాలి తల నిమిరి, "వద్దంటే ఆగే రకం కాదులే నువ్వు. ఒక్క మాట విను. దారిలో ఎవరైనా ఆ యుద్ధం గురించి అడిగితే పాటలో పాడేది చెప్పకు. నేను నీకు పొయ్యి దగ్గర కూర్చుని చెప్పిందే చెప్పు" అంది.

వెదురడవిలో రాక్షసుడు దారికి అడ్డంగా పడుకుని ఉన్నాడు. తాటిచెట్టంత కాళ్ళు, బానంత పొట్ట.  కాచమ చేతులు జోడించి, "మామా, దారి ఇస్తావా?" అంది.

రాక్షసుడు లేచి కూర్చున్నాడు. "మామా అన్నావు కనుక వెంటనే తినను. ఆ యుద్ధాన్ని నేను ఈ కొండమీద కూర్చుని చూశాను. మీవాళ్ళు ఎలా గెలిచారో చెప్పు. అబద్ధమంటే నాకు మహా రుచి. ఆడినవాళ్ళతో కలిపి తింటాను."

ఏటా తాను అరిచే మాటలు కాచమ నాలుక చివరిదాకా వచ్చాయి: మా నాయనమ్మ సింహంలా దూకింది, మా రాజు ఒక్క వేటుకు వందమందిని నరికాడు. రాక్షసుడు ఆశగా పెదవులు తడుపుకున్నాడు. ఆమె ఆ మాటలను మింగేసింది.

"మా నాయనమ్మ భయపడి బండచాటున దాక్కుంది మామా. మావాళ్ళు ఓడిపోయేవాళ్ళే. ఇంతలో కొండమీద వాన పడి కనుమలోకి వరద దిగింది. అప్పుడు మా నాయనమ్మ ఏడుస్తూనే బయటికొచ్చి, అందరితో కలిసి రాళ్ళు దొర్లించింది. అలా గెలిచాం."

రాక్షసుడు ఉసూరుమన్నాడు. "మెతుకంత అబద్ధం కూడా లేదు. పో. ఆ శిఖరం మీద యక్షిణి ఉంటుంది. నీకు కావలసింది ఆమెకే తెలుసు" అని కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు.

శిఖరం మీద తెల్లటి జుట్టు ఆరబోసుకుని యక్షిణి కూర్చుని ఉంది. ఆమె చుట్టూ రాళ్ళ కుప్పలు. కాచమ సాష్టాంగపడి, "తల్లీ, మా అన్నకు శాపం పెట్టింది నువ్వేనా?" అని అడిగింది.

"నేను కాదమ్మా. కనుమలో పడిన సింధుర సైనికులకు ఇన్నేళ్ళలో ఒక్కరూ దోసెడు నీళ్ళు వదలలేదు. వాళ్ళ పేర్లు పలికేది ఏడాదికొకసారి, మీ ఆటలోనే. దూరాన మైదానంలో ఆడుకున్నంత కాలం ఓర్చుకున్నారు. ఈసారి వాళ్ళ ఎముకల మీదే ఆడారు, బొమ్మలు చేసి తొక్కారు. అందుకే తమ వేషం కట్టినవాళ్ళను పట్టుకున్నారు."

"వదలాలంటే ఏం చెయ్యాలి?"

"ఉదగ్రుడి రక్తం పంచుకున్నవాడు ఒకడు, మీలో ఒకరు, ఒకే కుండ పట్టుకుని ఆ నేలమీద నీళ్ళు వదలాలి. సేనాపతి దాహం తీరితే సేన కూడా శాంతిస్తుంది."

కాచమ కొండ దిగి ఉత్తరంగా నడిచింది. అమావాస్య దగ్గర పడుతోంది. ఏటి రేవులో ఒక ముసలి ఏనుగు నిలబడి ఎవరినీ దాటనివ్వడం లేదు. దాని ఒంటినిండా పాత ఈటెల ములుకులు దిగి ఉన్నాయి. ఆనాటి సింధుర సేనలోని యుద్ధగజం అది.

"ఎవరి పిల్లవు?" అని ఏనుగు మనిషి గొంతుతో అడిగింది.

"శిఖరగిరి పిల్లను."

"ఈ ములుకులు మీవే. వీటివల్ల ఇన్నేళ్ళుగా నేను పడుకోలేదు."

"మావే. అందుకే నేనే తీస్తాను" అంటూ కాచమ కొంగు దోపుకుని ఏట్లోకి దిగింది.

ఒక్కొక్క ములుకు లాగుతుంటే ఏనుగు బాధతో తొండం ఎత్తి ఘీంకరించేది. కాచమ అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారింది. చివరి ములుకు ఊడగానే ఏనుగు మోకాళ్ళు వంచి, హాయిగా నీళ్ళలో పడుకుంది. చాలాసేపటికి లేచి, ఆమెను వీపుమీద ఎక్కించుకుని, గాలిలా పరుగెత్తి సింధుర కోట వాకిట దించింది.

శిఖరగిరి వేషంలో ఉన్న పిల్లను చూడగానే కావలివాళ్ళు పట్టుకుని కోటనాయకుడి ముందు నిలబెట్టారు. అతని పేరు సోమిదేవుడు. పాతికేళ్ళు కూడా ఉండవు. ఉదగ్రుడి మనవడు అతనే.

"మా తాత చావును మీరు ఏటా ఆటగా ఆడుకుంటారట. జనం నవ్వుతారట. నిజమేనా?" అని అడిగాడు.

కాచమ ముఖం తిప్పుకోలేదు. "నిజమే. నేనూ నవ్వాను. ఇప్పుడు మా అన్న మీ తాత వేషంలో పడిపోయి లేవలేదు" అంటూ జరిగినదంతా చెప్పింది.

సోమిదేవుడు కావలివాళ్ళను బయటికి పంపేశాడు. "ఆ రోజున మా ఇంట్లో పొయ్యి వెలగదు. మా నానమ్మ బతికున్నన్నాళ్ళు వాకిలి వైపే చూసింది. శవమైనా రాలేదు. నీ వెంట వస్తే మీవాళ్ళు నన్నూ ఆ కనుమలోనే పూడ్చరని ఏమిటి నమ్మకం?"

"నా చెయ్యి మీ చేతికి కట్టుకోండి. మావాళ్ళు బాణం వేస్తే నన్ను తప్పించి వెయ్యలేరు."

ఆమె చాచిన అరచేతిలో పచ్చి గాయాలు చూసి అతను, "ఇవి ఎలా అయ్యాయి?" అన్నాడు. కాచమ ఏనుగు సంగతి చెప్పింది. ఆ ఏనుగు మీద తాత ఊరేగిన కథలు వింటూ పెరిగినవాడు సోమిదేవుడు. లేచి తలపాగా చుట్టుకున్నాడు. చేతులు కట్టుకోవలసిన పని లేకుండానే ఇద్దరూ ఏనుగెక్కారు.

పడిపోయినవాళ్ళకు కనుమలోనే పందిరి వేసి కాపలా ఉన్న శిఖరగిరి విలుకాళ్ళు, సింధుర ఏనుగు కనబడగానే బాణాలు ఎక్కుపెట్టారు. కాచమ వద్దని అరిచినా జయకేతు మహారాజు తటపటాయించాడు. ఇంతలో గౌరవ్వ కర్ర పొడుచుకుంటూ విలుకాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళి, ఏనుగు దిగిన సోమిదేవుడి ముఖంలోకి చూసింది.

"ఆ ముక్కు ఆయనదే. మీ తాతను నేను చూశాను బాబూ."

సోమిదేవుడు ఆమె ముందు వంగి నిలబడ్డాడు. "ఎలా చనిపోయాడవ్వా?"

"వరద వచ్చినప్పుడు ఆయన ముందుగా దాటిపోగలిగేవాడే. పోలేదు. సందులో అడ్డంగా నిలబడి, 'మీరు పొండి బిడ్డలారా' అంటూ తన కుర్రాళ్ళను వెనక్కి పంపాడు. మా రాళ్ళన్నీ తన మీద వేయించుకున్నాడు. పిరికివాడని పాట కట్టినవాళ్ళు ఆ రోజు ఇక్కడ లేరు. ఉన్నవాళ్ళం చెప్పబోతే, పండుగపూట ఎందుకులే అన్నారు."

 మహారాజు చెయ్యెత్తగానే విల్లులన్నీ దిగాయి. అతనే వెళ్ళి ఏటినీళ్ళు తెచ్చి కుండ అందించాడు. కాచమ, సోమిదేవుడు దాన్ని చెరో వైపు పట్టుకుని, ఉదగ్రుడి పేరు పలికి నీళ్ళు వదిలారు. ఎండిన నేల ఆ నీళ్ళను గటగటా తాగినట్లు చప్పుడైంది.

మాచన పెదవులు కదిలాయి. "దాహం తీరింది" అని ఎవరిదో బొంగురు గొంతు వినిపించింది. తరువాత అతను కళ్ళు నులుముకుని, తన గొంతుతోనే, "డోలు మోగిందా? నాకు వినబళ్ళేదే" అన్నాడు. చుట్టూ పడి ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. కాచమ అన్న మెడను కౌగిలించుకుని, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

జయకేతు మహారాజు కనుమలో రెండు సేనల వీరులకూ ఒకే రాతిగుడి కట్టించాడు. కనుమ దగ్గరే ఒక కోట కట్టించి, దానికి కాచమను పాలకురాలిగా నియమించాడు. సోమిదేవుడు మాటిమాటికీ ఏదో ఒక రాచకార్యం కల్పించుకుని ఆ కోటకు వచ్చేవాడు. గౌరవ్వ అది కనిపెట్టి, "పనులన్నీ ఒకేసారి చక్కబెట్టుకో బాబూ" అంది. మరుసటి మాఘంలో వాళ్ళ పెళ్ళి జరిగింది. రెండు రాజ్యాల మేళాలూ కలిసి మోగాయి.

విజయోత్సవం మానలేదు. భేరీలు మోగించి, జెండా ఎత్తి, ముందుగా ఆ గుడి దగ్గర నీళ్ళు వదిలి, ఆ తరువాతే ఆట మొదలుపెట్టేవారు. మాచన ఉదగ్రుడిగా సందులో నిలబడి "మీరు పొండి బిడ్డలారా" అంటుంటే, రెండు వైపుల జనమూ కళ్ళు తుడుచుకునేవారు. ఇక పిల్లల సంగతంటారా, పెద్దయ్యాక ఆ వేషం ఎవరు కట్టాలన్న దాని మీద వాళ్ళలో వాళ్ళకు ఏడాది పొడుగునా తగువే.