అతకని గుర్తులు

"ఏదైనా ఒక గుర్తు బయటికి చదవండమ్మా. ఆ తర్వాతే వేలు పెట్టాలి," అంది మృదుల, పొద్దుటి నుంచీ అందరికీ చెబుతున్న మాటే.

బల్లకు అవతల కూర్చున్న రూతమ్మ ముంజేతి పలకను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "నా పేరు రూతమ్మ. ఇల్లు జగన్నాథపురం వంతెన పక్కన. పొయ్యి మీద పాలు పెడితే అక్కడే నిలబడాలి." చదివి నవ్వింది. "ఇది రోజూ చదువుకుంటాను కాబోలమ్మా. అయినా ఇవాళా పొంగిపోయాయి."

మృదుల కూడా నవ్వింది. మంచుజ్వరం వచ్చిపోయాక కాకినాడలో ఎవరికీ నిద్ర దాటి ఏదీ నిలవడం లేదు. మాట పోలేదు, చేతిపని పోలేదు. మనుషులూ నిన్నలూ పోయాయి. పొద్దున్నే పలక చదువుకుంటే తప్ప పక్కన పడుకున్నది ఎవరో తెలియదు. పలకలో ఎవరి గుర్తులు వాళ్లే రాసుకునే పాత పద్ధతైన గళ్లపెట్టెలో కొత్త రాత ఇప్పటికే ఆగిపోయింది. ఈ సాయంత్రంతో అది మూతపడుతుంది. ఇక మిగిలినవి రెండే: అన్నిటినీ కుదించి చెప్పే తేట, గుర్తుకూ గుర్తుకూ తనంతట తానే ముడులు వేసుకునే అల్లిక. తన బతుకును కుదించుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? బదిలీ కేంద్రం మెట్ల దాకా ఉన్న వరుసంతా అల్లికే అంటోంది.

"ఇద్దరు పెళ్లికొడుకుల్ని చూపించి ఇప్పుడే తేల్చమంటే ఎలాగమ్మా?" అంది రూతమ్మ. "ఏది మంచిదో నువ్వే చెప్పు."

అప్పుడే మృదుల భర్త సోమసుందర్ క్యారేజీ పట్టుకుని వచ్చాడు. నిన్ననే ఆయన అల్లికకు మారాడు. మార్చింది మృదులేనని తెర మీది లెక్కలో ఉంది.

"పొద్దున్న ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది," అన్నాడు గిన్నెలు విప్పుతూ. "నాన్నా, ఎల్లుండి పడవ దిగుతున్నా అంది. రాంగ్ నంబరమ్మా అని పెట్టేశాను. పాపం, ఏడ్చినట్టుంది."

సముద్రం మీద గాలిమరల దగ్గర పనిచేసే కూతురు నీలవేణి గురించి ఈ ఉదయమే మృదుల తన పలకలో చదువుకుంది.

"ఏవండీ, అది మన అమ్మాయండీ!"

"మనకు పిల్లలెక్కడున్నారు?" అన్నాడాయన. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

మృదుల ఆయన బదిలీ వివరం తెరిచింది. అతకని గుర్తులు తీసివేయడమైనది, అని ఉంది. బుజ్జి. జున్ను. రాకాసి. ఆ ఇంట్లో పిల్లను అసలు పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ముద్దొస్తే జున్ను, కోపమొస్తే రాకాసి. ఏ పేరు నోటికొస్తే ఆ పేరే పలకలోకి ఎక్కింది. అల్లికకు వాళ్లంతా వేరువేరు మనుషులు. ఒక్కరికీ ముడి వేయడానికి సరిపడా గుర్తులు లేవు. అందర్నీ దులిపేసింది.

ఆయన పలక లాక్కుని, మనకు నీలవేణి అనే కూతురుంది, అని రాసింది. 'ఆధారం లేని గుర్తు' అంటూ అల్లిక ఆ అక్షరాలను వాళ్ల కళ్ల ముందే చెరిపేసింది. కాగితం మీద రాసుకుందామంటే, పలక బయట గుర్తులు రాయడం నేరం.

అంతలో ఆమె తెర మీదే ఆమె పేరు వెలిగింది. మృదుల, మీ వంతు. అల్లికా, తేటా?

తన పలకలోనూ నీలవేణి అన్న పేరు ఒక్కచోటే ఉంది, మిగతావన్నీ ముద్దుపేర్లే; అల్లికైతే దులిపేస్తుంది, తేటైతే కుదించేస్తుంది. ఇప్పుడు వేలు పెడితే, రేపు నిద్ర లేచేసరికి ఆ పిల్ల ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు. ఎల్లుండి వచ్చి తలుపు కొడుతుంది. తనే తలుపు తీసి, ఎవరు కావాలమ్మా, అని అడుగుతుంది. మృదుల తెరను కిందిదాకా జరిపింది.

తెర అడుగున 'ఇతర నిలవ స్థలం' అని ఒక గడి ఉంది. దాన్ని ఎవరైనా వాడినట్టు ఎక్కడా లేదు. అందులో ఆమె రాసింది: నా భర్త సోమసుందర్.

"ఇటు చూడండి. ఈ రాత్రి ముందు నేను పడుకుంటాను, మీరు కునుకు తీయకూడదు. నేను లేవగానే నాకు చెప్పాలి. ఆ తర్వాత మీరు పడుకోండి, మీరు లేచాక నేను చెబుతాను."

"ఏం చెప్పాలి?"

"మనకో కూతురుంది. పేరు నీలవేణి. అప్పజెప్పండి."

ఆయన బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. "మనకో కూతురుంది. పేరు..." ఆగిపోయాడు. మృదుల బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నీలవేణి," అన్నాడు. "ఎల్లుండి వస్తుంది. ఫోన్ చేస్తే నేను పెట్టేశాను." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈ స్థలం మా లెక్కలో లేదు, బదిలీలు నిలిపివేయడమైనది, అంది తెర. పక్క బల్లల మీద తెరలూ అదే మాట దగ్గర నిలిచిపోయాయి.

రూతమ్మ చాచిన వేలు వెనక్కి తీసుకుంది. వరుసలో తన వెనకున్న ముక్కూ మొహం తెలియని ఆడమనిషి వైపు తిరిగింది.

"ఏమ్మా, రాత్రిళ్లు నీకు తొందరగా నిద్దరొచ్చేస్తదా?"