స్తంభాల మొదట్లో దొండపాదులు

ప్రమీలారాణి పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, తోట వైపు నుంచి మొగుడి కేకలు వినిపించాయి. పాలు పొంగితే పొంగాయని పరిగెత్తింది. ఎవరివో నాలుగు గేదెలు నిరుడు నాటిన రసాల మామిడి అంటుమొక్కల మధ్య తాపీగా నిలబడి లేత చిగుళ్ళు నములుతున్నాయి. ఇంటి వైపు ముళ్ళతీగ కంచె సగానికి సగం నేలమీద పడి ఉంది. గేదెలు ఒళ్ళు రుద్దుకున్నందుకే ఇనప స్తంభాలు విరిగిపోయాయంటే, ఇంక ఆ కంచె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

బసవపున్నారావు గేదెల్ని తోలేసి వచ్చి, విరిగిన స్తంభాన్ని ఎత్తి భార్య ముందు పడేశాడు. పైనంతా రంగుతో సహా నిక్షేపంగా ఉంది. నేలని ఆనుకునే చోట మాత్రం తుప్పు తినేసి, అప్పడంలా పెళుసెక్కింది.

“చూసుకో, మీ తమ్ముడిచ్చిన ఇనుము” అన్నాడు.

ప్రమీలారాణి తమ్ముడు వీరభద్రానికి మైలవరంలో వెల్డింగు షాపుంది. నాలుగేళ్ళ క్రితం ఆ స్తంభాలు చేసిందీ అతనే, వచ్చి వారం రోజులుండి పాతిందీ అతనే. చుట్టుపక్కల తోటలన్నిటికీ సర్వి కర్ర గుంజలుంటే, మా తోటకి ఇనప కంచె అని పున్నారావు అప్పట్లో మీసం తిప్పుకు తిరిగాడు. కిందటి నెల మొదటి స్తంభం ఒరిగేసరికి ఆ మీసమే అడ్డం తిరిగింది. పున్నారావు మంచివాడే గాని, కోపమొస్తే నోటికి తాళం ఉండదు. మైలవరం బజార్లో, పదిమంది టీ తాగే చోట నిలబడి, బావమరిది పాత తుక్కు ఇనుముకి రంగేసి అంటగట్టాడని అనేశాడు. ఆ మాట ఆ సాయంత్రానికే భద్రానికి కాబోయే మామగారి చెవిన పడింది.

“నెల తిరిగితే వాడి పెళ్ళి కదా. ఆ పెళ్ళికి ఈ ఇంట్లోంచి ఎవరూ వెళ్ళడానికి వీల్లేదు. ఇవాళ పిలవడానికి వస్తానన్నాడుగా, మొహం మీదే చెప్తా” అని పున్నారావు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

తల్లి పోయాక భద్రాన్ని చంకనేసుకుని పెంచింది ప్రమీలారాణే. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికొడుకు రెండు ముళ్ళు వేస్తే మూడో ముడి ఆడపడుచు వేస్తుంది. ఉన్న ఒక్క ఆడపడుచూ రాకపోతే నలుగురూ ఏమనుకుంటారు? సొంత అక్కే రాలేదంటే ఇనుము సంగతి నిజమేనన్నమాట అనుకుంటారు. ఆ మచ్చ పడ్డాక వాడి షాపుకి ఎవరొస్తారు, వాడి మాట ఎవరు నమ్ముతారు?

పడిన తీగని పక్కకి లాగుదామని వంగినప్పుడు ఆమెకో సంగతి తట్టింది. లేచి కంచె వెంట చుట్టూ నడుచుకుంటూ స్తంభాలన్నిటినీ పట్టుకుని ఊపి చూసింది. చెరువు కట్ట వైపు ఒక్కటీ కదల్లేదు. రోడ్డు వైపూ అంతే. ఇంటి వైపు వరసకి మాత్రమే ఈ రోగం. ఒకే చేత్తో చేసిన స్తంభాలు, ఒకే రోజుల్లో పాతినవి, ఒక వైపే పుచ్చిపోవడమేంటి?

గునపం తెచ్చి ఒక స్తంభం మొదట్లో తవ్వింది. మాగిన ఎరువు, చెమ్మటి నల్లమట్టి ఊడొచ్చాయి. జానెడు లోతున గునపం ఠంగుమంది. కాంక్రీటు దిమ్మ! అప్పుడు గుర్తొచ్చింది. భద్రం స్తంభాలన్నిటికీ మొదట్లో దిమ్మ కట్టి, అది నేల మీదికి తేలేలా చూశాడు. వానపడితే నీళ్ళు నిలవకుండా జారిపోవాలని దాని నెత్తిని వాలుగా చేశాడు. ఇనుము దిమ్మలోకి దిగే చోట తారు పూశాడు. చెరువు కట్ట వైపు దిమ్మలు ఇప్పటికీ అలాగే పైకి కనిపిస్తున్నాయి. ఇంటి వైపువి మట్టిలో మునిగిపోయాయి.

ఎందుకు మునిగాయో ఆలోచించాల్సిన పనే లేదు. ఇంటి వైపు స్తంభాలన్నిటికీ మొదట్లో అత్తగారు బాపమ్మ పెట్టిన పాదులే. దొండ, కాకర, చిక్కుడు. కంచె గుంజ కనిపిస్తే దాని మొదట్లో ఒక పాదు చేసి తీగ పాకించడం ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ అలవాటు. సర్వి గుంజలైతే ఎలాగూ రెండేళ్ళకి పుచ్చేవి, మార్చేవాళ్ళు. ఇనప స్తంభాలొచ్చినా అలవాటు మారలేదు. దిమ్మ మీద మట్టి పోసి, గట్టు కట్టి, పేడ ఎరువు వేసి, పొద్దునా సాయంత్రం కడవలతో నీళ్ళు పోస్తూ వచ్చింది ముసలావిడ. తారు పూసింది దిమ్మ దగ్గరే కదా, ఆ పైన ఇనుము నాలుగేళ్ళూ తడిలోనే నానింది.

ప్రమీలారాణి అక్కడే చతికిలబడింది. తమ్ముడు దొంగ కాదు, అంతవరకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఈ మాట ఎలా చెప్పాలి? మామగారు పోయాక బాపమ్మ తాళాలు, పెత్తనం అన్నీ కోడలి చేతిలో పెట్టేసింది. తనకంటూ ఉంచుకున్నది ఆ పాదులొక్కటే. చేటెడు కాయలు కోసి ఊళ్ళో ఇంటింటికీ పంచి, ఎవరైనా బాగున్నాయంటే రోజంతా ఆ మాటే చెప్పుకుంటుంది. ప్రమీలారాణికి టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కనుంచి కదలకుండా కూర్చున్న మనిషి ఆవిడ. కంచె కూల్చింది నువ్వేనని కొడుకు ఆ నోటితో అంటే తట్టుకోగలదా?

“ఏంటమ్మాయ్, అక్కడ తవ్వుతున్నావ్?” అని అరుగు మీంచి బాపమ్మ అడిగింది.

“ఊరికేనండీ అత్తయ్యా” అని ఇంట్లోకి వచ్చేసింది.

మధ్యాహ్నం భద్రం శుభలేఖ, పసుపు కుంకుమ పట్టుకుని వచ్చాడు. బాపమ్మ రమ్మంది, పున్నారావు కూర్చోమని కూడా అనలేదు. విరిగిన స్తంభం గుమ్మం ముందే పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు మాటలన్నాడు, నాలుగూ గుచ్చుకునేవే. భద్రం తల దించుకుని విన్నాడు.

“నేను మంచి ఇనుమే ఇచ్చాను బావగారూ. ఎందుకిలా అయిందో నాకూ తెలీట్లేదు. అయినా సరే, అన్నీ కొత్తవి వేసిస్తాను. అక్కని మాత్రం పంపించండి.”

“కొత్తవీ వద్దు, నువ్వూ వద్దు. వెళ్ళు.”

ప్రమీలారాణి తలుపు చాటున నిలబడి ఉంది. ఒక్క మాట, ఒక్కటే మాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్న అత్తగారిని చూసి మింగేసింది. భద్రం శుభలేఖ గడప మీద పెట్టి, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు. వాడి వీపు వీధి మలుపు తిరిగేదాకా చూసి, వంటింట్లోకి వెళ్ళి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బాపమ్మకి ఆ ఏడుపు వినపడింది. తమ్ముడి మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల ఒక్క మాటైనా అడ్డం చెప్పలేదేమిటా అని ఆవిడకి వింతగా తోచింది. పొద్దున గునపం సంగతి గుర్తొచ్చింది. లేచి మెల్లగా కంచె దగ్గరికి వెళ్ళింది. తవ్విన గుంట చూసింది. దిమ్మ చూసింది, దాని మీద తన చేత్తో పోసిన మట్టిని, తడి తగిలినంత మేర తుప్పుపట్టిన ఇనుముని చూసింది. చెరువు కట్ట వైపుకి కూడా వెళ్ళి, పాదు లేని స్తంభాన్ని ఊపి చూసింది. నేరుగా కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

“ఒరేయ్ పున్నారావు, ఆ కుర్రాడి ఇనుము బాగానే ఉందిరా. దాన్ని తినేసింది నా పాదులు.”

పున్నారావు నమ్మలేదు. తల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో పాదులో మట్టి చేతులతో తోడుకుంటూ పోయాడు. అన్నిటికిందా భద్రం కట్టిన దిమ్మలు అలాగే ఉన్నాయి, పొల్లుపోకుండా.

“నన్ను తిట్టరా. బజార్లో వాణ్ణి తిట్టినట్టు ఇక్కడ నన్ను తిట్టు” అంది బాపమ్మ.

“నిన్నేం తిడతానే అమ్మా. నాలుగేళ్ళు ఆ దొండకాయలు తిన్నది నేనే కదా. ఒక్కరోజు వంగి చూశానా?” అన్నాడు.

ఆ తర్వాత చేతులైనా కడుక్కోకుండా స్కూటరు తీశాడు. నూజివీడు బస్టాండులో భద్రం ఇంకా మైలవరం బస్సు కోసం చూస్తూనే ఉన్నాడు. బావగారి బట్టలకి, చేతులకి మట్టి చూసి, ఎవరికేం ప్రమాదం జరిగిందోనని హడలిపోయాడట. పున్నారావు అతని రెండు చేతులూ పట్టుకుని ఏదేదో చెప్పాడట, ఒక్కటీ సరిగ్గా రాలేదట. చివరికి, ఏ టీ కొట్టు ముందు ఆ మాటన్నానో రేపు అక్కడే నిలబడి, అదే పదిమందికీ తప్పు నాదని చెప్తాను, ఆపైన నీ మామగారింటికి కూడా నేనే వెళ్తాను, ముందు ఇంటికి రా అన్నాడట.

ఇద్దరూ ఒకే స్కూటరు మీద వాకిట్లో దిగేసరికి ప్రమీలారాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో బాపమ్మ కొడవలి పట్టుకుని కంచె వైపు బయల్దేరింది. తీగలన్నీ కోసి పారేస్తానంది. భద్రం ఆ కొడవలి తీసేసుకున్నాడు. తుప్పు పట్టినంత మేర కోసి మంచి ముక్క అతికిస్తానని, దిమ్మలు ఇంకాస్త ఎత్తు కడతానని, ఏటా వానలకి ముందు తారు పూస్తే చాలని చెప్పాడు. మట్టి మాత్రం దిమ్మ మీదికి రాకూడదు. పాదులంటారా, కంచెకి రెండు బారల దూరంలో సర్వి కర్రలతో పందిరేద్దాం అత్తయ్యా, మీ దొండకాయలు తినకుండా నా పెళ్ళి భోజనం కూడా నాకు సయించదు అన్నాడు. బాపమ్మ వాడి నెత్తిమీద మొట్టింది.

పొద్దువాలేవేళ బావా బావమరుదులు పక్కపక్కన కూర్చుని అన్నాలు తిన్నారు. మారు అన్నం వడ్డించి వంటింట్లోకి వచ్చిన కోడల్ని బాపమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“నీకు పొద్దున్నే తెలుసు కదూ?”

ప్రమీలారాణి తలూపింది.

“వాణ్ణి గుమ్మంలోంచి గెంటేస్తున్నా నోరు మెదపలేదే?”

“మీరు బాధపడతారని అత్తయ్యా.”

బాపమ్మ ముడతల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నన్ను కాపాడ్డానికి ఇంకెప్పుడూ నీ తమ్ముణ్ణి దొంగని చెయ్యకు తల్లీ. తప్పుచేస్తే నాకు చెప్పు. నాలుగు రోజులు అలుగుతాను, ఐదోరోజు నువ్వే అన్నం పెట్టి లేపుతావు. అంతకంటే ఏం చెయ్యగలను, నాకు మాత్రం నువ్వు కాక ఇంకెవరున్నారు?”

అంతే, పొద్దుటి నుంచీ గుండెలో బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కరిగిపోయింది. ప్రమీలారాణి అత్తగారి భుజం మీద తలపెట్టి, బయట మగవాళ్ళు వింటారన్న బెరుకు కూడా లేకుండా హాయిగా, కడుపారా ఏడ్చింది.