ఉప్పుకొట్టం ఈల

మా జాలర్ల పల్లె మైపాడు కుప్పంలో పొద్దుగూకినాక ఉప్పుకొట్టం దాపులకు మగోళ్ళు కూడా పోయేవాళ్ళు కాదు. చేపలు మురక్కుండా కొట్టే సర్కారు ఉప్పు దాచే రేకుల కొట్టం అది. అందులో దెయ్యం ఉందనీ, ఆ దోవన పోయినోడి చెవిలో దూరి ఈల వేస్తుందనీ చెప్పుకునేవాళ్ళు. దూరిందంటే... ఇంక బయటికి రాదంట.

ఆ కొట్టం సంగతి ఎత్తితే నేనిప్పటికీ ముక్కు మూసుకుంటా. చుట్టూ కుళ్ళిన చేపపేగులు, నల్లటి ఉప్పునీళ్ళు, లుకలుకమనే పురుగులు. థూ! అంత కంపులో కాపురముండే దెయ్యం ఎంత దరిద్రపుదో అనుకునేదాన్ని.

మనం మద్రాసు నుంచి విడిపోయిన అయిదారేండ్లకు అది మా అన్న గంగులయ్యను పట్టింది. మా వదిన నాగులమ్మ నాతో చెప్పిందే చెప్తున్నా, ఒక్క ముక్క కలపలేదు.

ఆ పొద్దు చీకటి పడినాక అన్న తూలుకుంటా ఇంటికొచ్చినాడు. నుదుటిమీద ఇంత బొప్పి.

"ఏమైందయ్యా?"

"పడినా."

అంతే, అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఎవరే... ఈల వేస్తా ఉండేది?"

వదిన చెవులు రిక్కించింది. ఏమీ లేదు. ఊరంతా సద్దుమణిగి ఉంది.

"కొట్టం పక్కన వచ్చినావా?" అని గుసగుసగా అడిగింది. అన్న తల వంచుకున్నాడు.

ఇదేమన్నా చిన్న సంగతా? మా అన్న చెవి మీదనే వాళ్ళ పడవ బతికేది. తెల్లారకముందే తెడ్డు నీళ్ళలో దించి, పిడి చెవికి ఆనించుకొని, అడుగున గొరకచేపలు గుర్రుమనేది విని, "ఈడ వెయ్యండ్రా వల" అనేవాడు. ఇప్పుడు పిడి ఆనించుకుంటే — ఈలే. ఉత్త వలలు లాగి లాగి అందరికీ విసుగొచ్చింది.

"చెవి కుదిరేదాకా ఒడ్డునే ఉండబ్బయా," అనేసినాడు కుప్పం పెద్ద నరసయ్య. కుదరకపోతే అన్నకు ఇంక పడవే లేదు.

అప్పుడొచ్చినాడు భూతవైద్యుడు చిన్నపోలయ్య. కంపులో పుట్టిన దెయ్యం కంపుకే లొంగుతుందన్నాడు. సందెవేళ కుప్పమంతా చుట్టూ చేరితే, కొట్టం ముందర అన్నను కూర్చోబెట్టి, మురిగిన చేపనీళ్ళు కాచి చెవిలో పోసినాడు. ఛీ ఛీ! అదీ చాలక, నోట్లో నములుతున్న తాంబూలం అదే చెవిలోకి ఉమ్మినాడు. ఈ మాట వదిన చెప్పేటప్పుడు నేను అన్నం ముందర నుంచి లేచిపోయినా.

చెవికి చీము పట్టింది. ఈగలు ముసిరినాయి. ఈల మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

మళ్ళీ పొయ్యను పోలయ్య ఇంటికొచ్చినప్పుడు వదిన తప్ప ఎవరూ లేరు, అన్న ఆ చేపనీళ్ళ ముంత పట్టుకొని ఆపేసినాడు.

"పొయ్యబాక పోలయ్యా... దెయ్యం కాదు." గొంతు తగ్గించినాడు. "ఇంట్లో చేపలు మురిగిపోతా ఉంటే, ఉప్పు ఎత్తుకపోదామని కొట్టం ఎనక కంతలో దూరినా. చీకట్లో ఇనపకమ్మీ నుదుటికి తగిలింది. అప్పట్నుంచే ఈ ఈల."

ఆ మాట బయటికి పొక్కిందంటే అంతే సంగతులు. ఉప్పు దొంగను ఏ పడవా ఎక్కనియ్యకూడదని కుప్పం కట్టుబాటు.

పోలయ్య అటూ ఇటూ చూసినాడు. మెల్లగా తలగుడ్డ తీసినాడు... నుదుటిమీద పాత మచ్చ.

"నాకూ ఆ కమ్మీనే. పడుచోడిగా ఉన్నప్పుడు. ఈల ఇంకా వినిపిస్తానే ఉండాది."

అన్న గుడ్లప్పగించి చూసినాడు.

"మరి తెలిసి తెలిసి నా చెవిలో ఈ కుళ్ళెందుకు పోసినావురా?"

"నాకూ పోసినారు గదరా," అన్నాడు పోలయ్య, తాపీగా. పోతా పోతా ఒక్క మంచి మాట మాత్రం చెప్పినాడు. "సద్దులేని చోట పడుకోబాక. అలల పక్కన పడుకో. ఈలతో కొట్లాడబాక, దాని మానాన దాన్ని వదిలెయ్."

ఆ రాత్రి అన్న అలల పక్కనే పడుకున్నాడు. ఈల పోలేదు, కానీ హోరు కింద అణిగింది. ఎన్నాళ్ళకో కన్ను మూతపడింది. లేచినాక వదినతో, "దీంతో బతకొచ్చే. ఆ కుళ్ళుతో, ఈ అబద్ధంతో మాత్రం నావల్ల కాదు," అన్నాడు.

పడవలు తోసే వేళకు, వదిన వెంట వస్తా ఉంటే, అందరి ముందరికీ పోయి నిలబడినాడు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. నేను ఉప్పు దొంగిలించబోయి తల కొట్టుకున్నా. ఈల ఉన్నా గొరకల్ని వినేది నేర్చుకుంటా. ఎక్కనిస్తే ఎక్కనీండి, లేకుంటే తరిమెయ్యండి."

కట్టుబాటు చెప్పాల్సిన నరసయ్య వైపు చూసినారు అందరూ. నరసయ్య చెయ్యి మెల్లగా లేచి... తన తలగుడ్డ కిందికి, నుదుటిమీది పాత మచ్చ దగ్గరికి పోయింది. పక్కనున్నోడి చెయ్యి... వాడి పక్కనున్నోడిది... ఆ వెనకోడిది...

"పొద్దు పోతా ఉండాది, ఎక్కురా," అన్నాడు నరసయ్య, అన్న మొహం చూడకుండా.

అన్న చెవిలో ఆ కుళ్ళు పోసేటప్పుడు చుట్టూ నిలబడి, దెయ్యం దిగాలని దణ్ణాలు పెట్టింది వీళ్ళే. మా వదిన అక్కడే, ఇసకలో కూలబడి డోక్కునింది.